ఇంట్లో చుట్టుకునే 1:1 బాలన్‌కు ఏ కోయాక్సియల్ కేబుల్ తీసుకోవాలి?

కాకినాడ_డాబా

సభ్యులందరికీ నమస్కారం. మా డాబా మీద అమెచ్యూర్ రేడియో 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్) కోసం ఒక డైపోల్‌ను, అంటే మధ్యలో కేబుల్ కలిపే రెండు రెక్కల తీగ యాంటెన్నాను, తిరగేసిన వీ ఆకారంలో కట్టాను. మొత్తం తీగ పొడవు సుమారు 20 మీటర్లు, మధ్య స్తంభం ఎత్తు 10 మీటర్లు. అక్కడి నుంచి గదిలోని 100 వాట్ల రేడియో వరకు 25 మీటర్ల ఆర్‌జీ-213 కోయాక్సియల్ కేబుల్ (మధ్య తీగ, దాని చుట్టూ ఇన్సులేషన్, ఆపైన షీల్డు అనే లోహపు తొడుగు ఉండే కోయాక్స్) దించాను. యాంటెన్నా బాగానే పలుకుతోంది గాని, కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే ఎస్‌డబ్ల్యూఆర్ (కేబుల్, యాంటెన్నా ఎంత సరిపోయాయో చూపే నిష్పత్తి, 1 అయితే పూర్తిగా సరిపోయినట్టు) ముల్లు కదులుతోంది, మాట్లాడుతున్నప్పుడు మైకు లోహపు భాగం పెదవికి తగిలితే చురుక్కుమంటోంది. కేబుల్ పైపొర మీద కరెంటు గదిలోకి వస్తోందనీ, ఫీడ్ పాయింట్ (యాంటెన్నాకు కేబుల్ కలిసే చోటు) దగ్గర ఆ కరెంటును ఆపే బాలన్ పెట్టకపోవడమే కారణమనీ అర్థమైంది.

ఎఫ్‌టీ-240-43 ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న, పింగాణీ లాంటి పదార్థం) ఉంగరం ఒకటి నా దగ్గర ఉంది. దాని మీద కోయాక్స్‌ను చుట్టి 1:1 (ఇంపెడెన్స్‌ను మార్చని) కరెంటు బాలన్ చేయాలనుకుంటున్నాను. చుట్టడానికి నాలుగు రకాలు చేతిలో ఉన్నాయి: టీవీ కనెక్షన్‌లో మిగిలిన ఆర్‌జీ-6, దుకాణంలో కొన్న ఆర్‌జీ-58, దించగా మిగిలిన రెండు మీటర్ల ఆర్‌జీ-213, ఒక మిత్రుడు ఇచ్చిన టెఫ్లాన్ కేబుల్. చివరిదాని మీద ఆర్‌జీ-142 అని అచ్చు వేసి ఉంది. నష్టం తక్కువ కాబట్టి ఆర్‌జీ-213నే వాడాలని నా ఆలోచన. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

పాత_తీగ, హైదరాబాద్

నమస్కారం. ప్రశ్నను వివరంగా అడిగారు, సంతోషం. అయితే నష్టాన్ని బట్టి ఎంచుకోవాలన్న ఆలోచనను మాత్రం ముందే పక్కన పెట్టమని కోరుతున్నాను. ఆ ఉంగరం మీద 12 చుట్లకు పట్టే కేబుల్ సుమారు ఒక మీటరు. ఆర్‌జీ-58 నష్టం 10 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు దాదాపు నాలుగున్నర డెసిబెల్స్ ఉంటుంది, అంటే మీటరుకు 0.05 డెసిబెల్ లోపే. మీ 100 వాట్లలో ఒక వాటు పోతుంది. ఆర్‌జీ-213 అయితే అర వాటు పోతుంది. ఆ అర వాటు తేడాను అవతలి స్టేషన్ ఏ మీటరు మీదా చూడలేదు. పాతిక మీటర్ల ఫీడ్ లైనుకు ఆర్‌జీ-213 సరైన ఎంపికే, కాని ఒక మీటరు బాలన్‌కు ఆ లెక్క వర్తించదు.

బాలన్‌లో కేబుల్ చేసే పని వేరు. హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) పౌనఃపున్యాల దగ్గర కరెంటు లోహపు పైపొరలోనే పారుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర లోతు దాదాపు 25 మైక్రాన్లు. అందువల్ల ఒకే కోయాక్స్‌లో మూడు దారులు ఉన్నట్టు లెక్క: మధ్య తీగ, షీల్డు లోపలి ముఖం, షీల్డు బయటి ముఖం. మొదటి రెండింటి మీద పారే కరెంట్లు సమానంగా, ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి వాటి అయస్కాంత క్షేత్రం బయటికి రాదు, ఫెర్రైట్‌కు ఆ కరెంట్ల సంగతే తెలియదు. మూడో దారిలో వచ్చేదే మీ పెదవిని చురుక్కుమనిపించిన కరెంటు, ఫెర్రైట్ అడ్డుకునేది దాన్నే. కాబట్టి అడ్డుకునే శక్తి ఉంగరం రకం మీద, చుట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది గాని, కేబుల్ ఇంపెడెన్స్ (లోపల ప్రయాణించే సంకేతానికి అది చూపే ఓముల విలువ) 50 ఓములా 75 ఓములా అన్నదాని మీద కాదు. చుట్లు రెట్టింపు చేస్తే ఇండక్టెన్స్ నాలుగు రెట్లవుతుంది. ఎక్కువ చుట్లు పట్టాలంటే సన్నని కేబుల్ కావాలి. ఆర్‌జీ-213 బయటి వ్యాసం 10.3 మిల్లీమీటర్లు, మీ ఉంగరం మధ్య రంధ్రం 35.5 మిల్లీమీటర్లు. ఉంగరం మందం 12.7 మిల్లీమీటర్లే. పది మిల్లీమీటర్ల కేబుల్‌ను దాని చుట్టూ వంచితే కేబుల్ పాడవుతుంది, లేదా ఉంగరం విరుగుతుంది.

ఆ రెండు మీటర్ల ముక్కను కనెక్టర్లు వేసి దాచుకోండి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుకూ ట్యూనరుకూ మధ్య జంపరుగా పనికొస్తుంది.

కాకినాడ_డాబా

పాత_తీగ గారికి ధన్యవాదాలు. మూడు దారుల వివరణతో చాలా స్పష్టత వచ్చింది. ఇంకొక సందేహం. అడ్డుకునే శక్తికి 50, 75 ఓముల తేడా లేదంటే, ఇంట్లో ఊరికే పడి ఉన్న ఆర్‌జీ-6ను వాడేయవచ్చు కదా?

బల్ల_మీది_పని, బెంగళూరు

అడ్డుకునే శక్తికి తేడా లేదు గాని, లోపలి ప్రయాణానికి తేడా ఉంది. ఆర్‌జీ-6 ముక్క ఒక మీటరు అనుకుని లెక్కవేశాను. దాని వెలాసిటీ ఫ్యాక్టర్ (కాంతి వేగంతో పోలిస్తే కేబుల్‌లో సంకేతం వేగం) 0.82 అనుకుంటే, 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర అది పది డిగ్రీల లైను అవుతుంది (పూర్తి తరంగం 360 డిగ్రీలు). చివర సరిగ్గా 50 ఓముల లోడు ఉన్నా, ఇవతలి నుంచి చూస్తే సుమారు 51 ఓములు, దానికి తోడు ఏడున్నర ఓముల ఇండక్టివ్ రియాక్టెన్స్ కనిపిస్తాయి. ఎస్‌డబ్ల్యూఆర్ 1.16. ఇది పట్టించుకోవలసిన విషయం కాదు. అదే ముక్కను 28 మెగాహెర్ట్జ్ దగ్గర వాడితే 40 డిగ్రీలు దాటి, ఎస్‌డబ్ల్యూఆర్ 1.7కు చేరుతుంది. అంటే 40 మీటర్ల బ్యాండుకు మాత్రమే అయితే 75 ఓముల కేబుల్ నడుస్తుంది, రేపు అదే బాలన్‌ను 10 మీటర్ల బ్యాండుకు (28 మెగాహెర్ట్జ్) వాడాలంటే ఇబ్బంది పెడుతుంది. పైగా డైపోల్‌ను మీరు ఎంత చక్కగా కోసినా, మధ్యలో ఈ ముక్క ఉన్నంతకాలం మీటరు చూపేది యాంటెన్నా లెక్క కాదు, రెండూ కలిసిన లెక్క. తొలిసారి కట్టేవారిని అది తికమక పెడుతుంది.

రాగి_అల్లిక, విజయవాడ

నేను లెక్కల కంటే చేతిపని వైపు నుంచి చెబుతాను. టీవీకి వాడే ఆర్‌జీ-6లో షీల్డు అల్యూమినియం రేకు, దాని మీద అల్యూమినియం తీగల అల్లిక. దానికి మామూలు టంకం అంటదు. ఎఫ్ కనెక్టరును నొక్కి బిగించే పనికి తయారైన కేబుల్ అది. బాలన్ పెట్టెలో షీల్డును డైపోల్ ఒక రెక్కకు కలపాలి, అక్కడ బోల్టుకు చుట్టి బిగిస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది. కాని రాగి, అల్యూమినియం కలిసిన చోట సముద్రపు గాలి తగిలితే ఆ అతుకు త్వరగా చెడుతుంది. కాకినాడలో ఉన్నారు కాబట్టి ఇది మీకు మరింత ముఖ్యం.

ఇంకొకటి, దాని మధ్య తీగ ఇనుము మీద రాగి పూత. పూత మందంగా ఉంటే హెచ్‌ఎఫ్‌లో ఫర్వాలేదు, కరెంటు ఆ పూతలోనే పోతుంది. పలుచగా ఉంటే పౌనఃపున్యం తగ్గేకొద్దీ కరెంటు ఇనుములోకి దిగి నష్టం పెరుగుతుంది. ఒక మీటరులో అదీ స్వల్పమే గాని, ఆ తీగ మొండిది, పదే పదే వంచితే విరుగుతుంది. కాబట్టి నా ఓటు ఆర్‌జీ-58కే. అది మొత్తం రాగి, టంకం చక్కగా అంటుతుంది, ఎక్కడైనా దొరుకుతుంది. ఒకప్పుడు కార్యాలయాల్లో కంప్యూటర్లను కలిపిన పాత సన్న ఈథర్‌నెట్ తీగ కూడా ఈ జాతిదే. పాత భవనాల నుంచి తీసిన అటువంటి కేబుల్‌తో నేను మూడు బాలన్లు చుట్టాను, మూడూ పనిచేస్తున్నాయి.

పాత_తీగ, హైదరాబాద్

రాగి_అల్లిక గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేర్చాలి, ఇది నాకు స్వయంగా జరిగింది కాబట్టి. ఏడేళ్ల కిందట ఒక బాలన్‌ను ఆర్‌జీ-58 పరిమాణంలోనే ఉన్న నురుగు ఇన్సులేషన్ కేబుల్‌తో చుట్టాను. చుట్లు ఉంగరానికి అతుక్కుని అందంగా కనిపించాలని గట్టిగా లాగి, ప్లాస్టిక్ టైలతో బిగించాను. మార్చిలో ఎక్కించిన బాలన్ మే చివరి వారంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి షార్ట్ అయింది. దించి కోసి చూస్తే, ఒక మలుపు దగ్గర మధ్య తీగ నురుగును ఒరుసుకుంటూ లోపలి వైపుకు జరిగి షీల్డును తాకింది. పాలిథిన్ ఇన్సులేషన్ ఉన్న కేబుళ్లకు తయారీదారులు ఇచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 75 నుంచి 80 డిగ్రీలు. మన ఎండల్లో డాబా మీది నల్లటి పెట్టె లోపల, ఫెర్రైట్ వేడి కూడా తోడైతే, ఆ హద్దుకు దగ్గరగా పోవడం కష్టం కాదు. నురుగు రకం గట్టి పాలిథిన్ కంటే ఇంకా త్వరగా లొంగుతుంది. కాబట్టి నష్టం తక్కువన్న పేరుతో అమ్మే నురుగు కేబుళ్లను ఉంగరం మీద ఎప్పుడూ చుట్టవద్దు.

ఆర్‌జీ-58కు తయారీదారులు చెప్పే కనిష్ఠ వంపు వ్యాసార్థం దాదాపు 25 మిల్లీమీటర్లు. 12.7 మిల్లీమీటర్ల మందమున్న ఉంగరాన్ని హత్తుకునేలా చుడితే ఆ నియమాన్ని మీరు అప్పటికే దాటేసినట్టు. చుట్లను వదులుగా, ఉంగరానికి కొంచెం దూరంగా గుండ్రటి ఉచ్చుల్లా ఉంచండి. చూడ్డానికి అంత ముచ్చటగా ఉండదు గాని కేబుల్ బతుకుతుంది.

మీ నాలుగింటిలో నేనైతే ఆర్‌జీ-142 తీసుకుంటాను. మందం ఆర్‌జీ-58 అంతే, 4.95 మిల్లీమీటర్లు. 50 ఓములు. ఇన్సులేషన్ టెఫ్లాన్ కాబట్టి 200 డిగ్రీల వరకు తట్టుకుంటుంది, టంకం పెట్టేటప్పుడు కరగదు. షీల్డు వెండి పూసిన రెండు రాగి అల్లికలు. అమెరికా రేడియో ఇంజినీరు వాల్టర్ మ్యాక్స్‌వెల్ తన ప్రసిద్ధ బాలన్‌లో 50 ఫెర్రైట్ పూసలను గుచ్చింది కూడా సన్నని టెఫ్లాన్ కోయాక్స్ మీదనే.

కాకినాడ_డాబా

అయ్యా, ఒక అనుమానం. అచ్చు ఉన్నంత మాత్రాన అది నిజంగా ఆర్‌జీ-142 అని ఎలా నమ్మాలి? అయస్కాంతం పెట్టి చూశాను, మధ్య తీగ అంటుకుంటోంది. అయస్కాంతం అంటితే నాసిరకం కేబుల్ అని విన్నాను. ఆర్‌జీ-58 కొన్న దుకాణంలోనూ అసలు సరుకేనని చెప్పారు గాని, దాని అల్లిక పలుచగా, లోపలి తెల్లటి ఇన్సులేషన్ కనిపించేలా ఉంది.

బల్ల_మీది_పని, బెంగళూరు

ఆర్‌జీ-142 విషయంలో అయస్కాంతం అంటడమే సరైన లక్షణం. దాని మధ్య తీగ ఉక్కు మీద రాగి, దాని మీద వెండి. ప్రామాణిక నిర్మాణమే అది, పూతలు మందంగా ఉంటాయి. వెండి పూసిన రాగి పోగులతో మెత్తగా వంగే మధ్య తీగ కావాలనుకునేవారికి ఆర్‌జీ-400 ఉంది. కాని ఆర్‌జీ-58 మధ్య తీగకు అయస్కాంతం అంటితే మాత్రం అనుమానించండి. అంటకపోయినా బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. ఒకే పరీక్షను అన్ని కేబుళ్లకూ వర్తింపజేయడం వల్లే ఈ గందరగోళం వస్తోంది.

నమ్మదగిన పరీక్ష వెర్నియర్ కాలిపర్‌తో చేయవచ్చు. ఇన్సులేషన్ బయటి వ్యాసాన్ని మధ్య తీగ వ్యాసంతో భాగించి, 10 ఆధారంగా లాగరిథమ్ తీసి, గట్టి పాలిథిన్ అయితే 92తో గుణించండి. ఇన్సులేషన్ 2.95, ఒంటి తీగ 0.81 మిల్లీమీటర్లు ఉంటే జవాబు సుమారు 52 ఓములు వస్తుంది. పోగుల తీగకు జవాబు రెండు మూడు ఓములు తక్కువగా వస్తుంది, ఎందుకంటే పోగుల మధ్య సందుల వల్ల తీగ విద్యుత్ పరంగా కొంచెం సన్నగా ప్రవర్తిస్తుంది. 40 లేదా 60 అని వస్తే ఆ కేబుల్ పేరుకు మాత్రమే ఆర్‌జీ-58.

రాగి_అల్లిక, విజయవాడ

ఇన్సులేషన్ కనిపించేంత పలుచటి అల్లిక గురించి: మంచి ఆర్‌జీ-58లో అల్లిక 95 శాతం వరకు కప్పుతుంది. సందులున్న షీల్డు గుండా లోపలి సంకేతం కొంత బయటికి కారుతుంది, బయటి ముఖాన్ని లోపలి ముఖం నుంచి వేరు చేయడమే బాలన్ పని కాబట్టి ఇక్కడ అటువంటి షీల్డు మీద నమ్మకం పెట్టుకోలేం. కోఠీ గుజరాతీ గల్లీలోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా, కొనేముందు ఒక అంగుళం ఒలిచి చూపించమని అడగండి. మంచి సరుకు ఉన్నవారు ఒలిచి చూపిస్తారు.

తిరుమల_దిగువ, తిరుపతి

పెద్దలకు నమస్కారం. ఈ చర్చలో నా ప్రశ్న కూడా చేర్చవచ్చునా? నేను 145 మెగాహెర్ట్జ్ కోసం మడత డైపోల్ (కొసలు కలిపి మడిచిన డైపోల్) ఉన్న యాగీ (ఒకే దిశకు గురిపెట్టే యాంటెన్నా) కడుతున్నాను. దానికి 4:1 బాలన్‌ను (ఇంపెడెన్స్‌ను నాలుగో వంతుకు తగ్గించేది) కేబుల్ ఉచ్చుతో చేయమని చదివాను. ఇక్కడ కూడా ఆర్‌జీ-6 తప్పేనా?

పాత_తీగ, హైదరాబాద్

తప్పు కాదు, ఇక్కడ లెక్క వేరు. ఆ ఉచ్చు సరిగ్గా అర తరంగం పొడవున్న లైను. అర తరంగం లైను తన చివరి ఇంపెడెన్స్‌నే ఇవతల మళ్లీ చూపిస్తుంది, దశను మాత్రం 180 డిగ్రీలు తిప్పుతుంది. కాబట్టి రూపొందించిన పౌనఃపున్యం దగ్గర ఉచ్చు 50 ఓములదా 75 ఓములదా అన్నది దాదాపు అప్రస్తుతం. ఇక్కడ ప్రాణం వెలాసిటీ ఫ్యాక్టర్‌లో ఉంది. 145 మెగాహెర్ట్జ్‌కు గాలిలో అర తరంగం 103.4 సెంటీమీటర్లు. 0.66 ఉన్న గట్టి పాలిథిన్ కేబుల్ అయితే 68.2 సెంటీమీటర్లకు కోయాలి, 0.82 ఉన్న నురుగు కేబుల్ అయితే 84.8. కేబుల్ మార్చి పాత కొలతనే వాడినవారి ఉచ్చులు పనిచేయకపోవడం నేను చాలాసార్లు చూశాను.

మీ మడత డైపోల్ ఫీడ్ పాయింట్ దగ్గర 200 ఓములు ఉండేలా యాగీని రూపొందిస్తే 50 ఓముల ఫీడ్ లైనుకు సరిపోతుంది. 300 ఓములైతే 75 వస్తుంది. ఉచ్చును పెద్ద వంపుతోనే కడతారు కాబట్టి మధ్య తీగ జరిగే బెడద లేదు. అల్యూమినియం అల్లికకు టంకం అంటదన్న కష్టం మాత్రం అలాగే ఉంటుంది. ఉచ్చు రెండు చివరల షీల్డులనూ, ఫీడ్ లైను షీల్డునూ ఒకే చోట, వీలైనంత పొట్టిగా కలపాలి. ఆ ఒక్క కారణంగానే నేను ఆర్‌జీ-58 లేదా టెఫ్లాన్ కేబుల్ వాడమంటాను.

బల్ల_మీది_పని, బెంగళూరు

తిరుపతి మిత్రులకు ఒక సూచన. పుస్తకంలోని వెలాసిటీ ఫ్యాక్టర్‌ను నమ్మకుండా కొలిచి కోయండి. ముక్కను రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగా ఉంచి, అవతలి కొస తెరిచి వదిలి, ఇవతలి కొసను నానోవీఎన్‌ఏకు (యాంటెన్నాలనూ కేబుళ్లనూ కొలిచే చిన్న పరికరం) కలపండి. 145కు అర తరంగమైన ముక్క 72.5 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం అవుతుంది, ఆ పౌనఃపున్యం దగ్గర తెరిచిన కొస ఇవతల షార్ట్‌లా కనిపిస్తుంది. ఆ గుంట 72.5 కంటే కింద ఉంటే కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ పైకి తీసుకురండి. పొడవును అల్లిక కొస నుంచి అల్లిక కొసకు లెక్కించాలి, బయటికి తీసిన మధ్య తీగ తోకలను కాదు.

తిరుమల_దిగువ, తిరుపతి

చాలా కృతజ్ఞతలు. ఇదే 4:1ను హెచ్‌ఎఫ్‌లో ఫెర్రైట్ మీద కోయాక్స్‌తో చేయాలంటే ఏ కేబుల్ వాడతారు?

పాత_తీగ, హైదరాబాద్

1944లో స్విస్ ఇంజినీరు గ్వానెల్లా ప్రతిపాదించిన పద్ధతిలో రెండు లైన్లు ఉంటాయి, ఒకవైపు సమాంతరంగా, మరోవైపు వరుసగా కలుపుతారు. 50 నుంచి 200 ఓములకు మార్చాలంటే ఒక్కొక్క లైను 100 ఓములది కావాలి. మార్కెట్‌లో సులువుగా దొరికే కోయాక్సుల్లో దానికి దగ్గరది 93 ఓముల ఆర్‌జీ-62. అది దొరకనప్పుడు ఇన్సులేషన్ ఉన్న రెండు తీగలను పక్కపక్కన పరచి 100 ఓముల జంట లైను చేసుకోవడం మేలు. దీనికి 50 ఓముల కోయాక్స్ వాడితే పై బ్యాండ్లలో నిష్పత్తి దెబ్బతింటుంది.

కాకినాడ_డాబా

పెద్దలందరి సలహాలు చదివి, ఈ ఆదివారం పని పూర్తి చేశాను. వివరాలు ఇక్కడ ఉంచుతున్నాను, మరొకరికి ఉపయోగపడవచ్చు.

ముందుగా దుకాణంలో కొన్న ఆర్‌జీ-58ను కొలిచాను. ఇన్సులేషన్ 2.9, మధ్య తీగ 0.6 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 63 ఓములు వచ్చింది. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను. మిత్రుడు ఇచ్చిన టెఫ్లాన్ కేబుల్‌లో రెండు అల్లికలూ వెండి రంగులో, సందు లేకుండా ఉన్నాయి, మందం 4.9 వచ్చింది. దానితోనే 12 చుట్లు, వదులుగా చుట్టాను. తీగ మొండిగా ఉండటం వల్ల చుట్లు వాటంతట అవే గుండ్రంగా నిలిచాయి. షీల్డుకు టంకం మొదటి స్పర్శకే అంటింది.

బల్ల మీద, షీల్డు ఒక కొస నుంచి మరొక కొసకు నానోవీఎన్‌ఏతో చూస్తే 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర 31 డెసిబెల్స్ తగ్గుదల కనిపించింది. నా లెక్క ప్రకారం అది సుమారు 3,400 ఓముల అడ్డు. లెక్క సరైనదేనా? బాలన్‌ను తెల్లటి పీవీసీ జంక్షన్ బాక్సులో పెట్టి, కేబుల్ గ్లాండును (కేబుల్ బయటికి వచ్చే బిగింపు) కిందివైపు ఉంచి, అతుకుల మీద తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టాను. ఎక్కించిన తరువాత కేబుల్‌ను పట్టుకుంటే ముల్లు కదలడం లేదు. మైకు దగ్గర చురుకు పూర్తిగా పోయింది. ఎస్‌డబ్ల్యూఆర్ కనిష్ఠ స్థానం మాత్రం 7.08 నుంచి 7.15కు జరిగింది.

బల్ల_మీది_పని, బెంగళూరు

లెక్క సరైనదే, ఆ అడ్డు ప్రధానంగా రెసిస్టివ్ అనుకుంటే. ఎఫ్‌టీ-240-43 మీద ఆ చుట్లకు అది ఆశించదగిన విలువే. వేడి గురించి కూడా భయం అక్కరలేదు. సమతుల్యమైన డైపోల్‌లో 100 వాట్ల వద్ద చోక్ (కరెంటును అడ్డుకునే మీ బాలన్) మీద 35 వోల్టులు పడ్డాయనుకున్నా, 3,400 ఓముల్లో ఖర్చయ్యేది అర వాటు లోపే.

కనిష్ఠ స్థానం జరగడానికి కారణం కేబుల్ బయటి ముఖం. ఇంతకుముందు ఆ 25 మీటర్ల షీల్డు కూడా మీ యాంటెన్నాలో ఒక భాగంగా ఉండేది. ఇప్పుడు కనిపిస్తున్నది మీ డైపోల్ అసలు పౌనఃపున్యం. కావలసిన చోటికి తెచ్చుకోవడానికి రెండు రెక్కలకూ సమానంగా కొద్దిగా తీగ కలపండి, 70 కిలోహెర్ట్జ్‌కు మొత్తం మీద 20 సెంటీమీటర్లు సరిపోతుంది.

రాగి_అల్లిక, విజయవాడ

శుభం. వర్షాకాలం ముగిశాక ఒకసారి పెట్టె మూత తీసి షీల్డు అతుకు దగ్గర పచ్చదనం ఏమైనా వచ్చిందేమో చూడండి. అల్లిక దీపం వత్తిలా నీటిని లోపలికి పీల్చుకుంటుంది, గ్లాండు దగ్గర ఒక్క చుక్క చేరినా అది మీటర్ల దూరం పాకుతుంది. కేబుల్ పెట్టెను వదిలే చోట కిందికి ఒక ఉచ్చు వేలాడేలా వదలండి, నీరు అక్కడే జారిపోతుంది.

కాకినాడ_డాబా

ఆ ఉచ్చు వేయలేదు. రేపు ఉదయం స్తంభం దించి, రెక్కలకు చెరొక 10 సెంటీమీటర్లు కలిపేటప్పుడే వేస్తాను. అందరికీ 73 (రేడియో భాషలో శుభాకాంక్షలు).